రెండో శనివారం సెలవు, ఇద్దరు ఆడపిల్లలు: మీ ఇంట్లో ఎలా గడిచింది?

ఇద్దరు బిడ్డల తల్లి (జడ్చర్ల)
ఆదివారం, రాత్రి 10:05

నెలలో మాకు వరుసగా రెండు రోజులు సెలవు దొరికేది రెండో శనివారం వచ్చినప్పుడే. మిగతా శనివారాలు పెద్దదానికి బడి ఉంటుంది. అది రెండో తరగతి, చిన్నది అంగన్‌వాడీకి పోతుంది. మా ఆయనకు కంపెనీలో షిఫ్టు డ్యూటీ, శనివారం ఇంట్లో ఉండడు. కాబట్టి రెండో శనివారం అంటే నాకు సెలవు కాదు, డబుల్ డ్యూటీ. లేచింది మొదలు "అమ్మా, బోర్ కొడుతోంది" అని వెంటపడతారు. ఫోన్ ఇస్తే తల ఎత్తరు, గుంజుకుంటే ఇల్లు పీకి పందిరేస్తారు.

ఈసారి అట్లా కాలేదు. అందుకే రాస్తున్నా. మీ ముచ్చట్లు కూడా చెప్పండి.

ఇవి బొడ్డెమ్మ రోజులు కదా. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా: బతుకమ్మకు ముందు, భాద్రపద బహుళ పంచమి నుంచి అమావాస్య దాకా పెళ్ళికాని ఆడపిల్లలు ఆడుకునే పండుగ ఇది. బతుకమ్మను పూలతో పేరుస్తాం, బొడ్డెమ్మను మట్టితో చేస్తాం. మా గల్లీలో చాన్నాళ్ళుగా ఎవరూ చేయడం లేదు. మా అత్తమ్మ ఊరి నుంచి వచ్చి ఉంది. "ఇద్దరు ఆడపిల్లలున్న ఇంట్లో బొడ్డెమ్మ లేకపోవడమేంది" అని నన్ను పట్టుకుంది. ఇల్లంతా బురదైతే కడగాల్సింది నేనే కదా అని నాకు లోపల ఉంది. పైకి మాత్రం సరే అన్నాను.

శనివారం పొద్దున్నే మా ముగ్గురినీ వెంటేసుకుని అత్తమ్మ చెరువు గట్టు వైపు తీసుకుపోయింది. పాతబడిన చెదపుట్ట ఒకటి చూసి, పాము లేదని కట్టెతో తట్టి, దండం పెట్టి, సంచిలో పుట్టమన్ను నింపింది. వచ్చేదారిలో తంగేడు, గన్నేరు, ఎవరి పెరట్లోదో గుమ్మడి పువ్వు. ఆ ఇంటామెను అడిగే కోశాం.

ఇంటికొచ్చాక మన్ను దంచి, జల్లెడ పట్టి, నీళ్ళు పోసి పిసకడం పిల్లల పని. చిన్నది మోచేతుల దాకా ముంచేసింది. పీట మీద నాలుగు మూలలుగా ఒక అంతస్తు, దాని మీద కొంచెం చిన్నది, దాని మీద ఇంకా చిన్నది. పెద్దదానికి స్కేలు కావాలట! జామెట్రీ బాక్సు తెచ్చి కొలిచింది. అయినా మూడో అంతస్తు పక్కకు ఒరిగింది. "ఒరిగితే ఏం, నిలబడింది కదా" అని అత్తమ్మ దాన్ని అట్లాగే ఉంచింది. ఆరినాక పేడతో అలికి, ముగ్గు వేసి, పైన చిన్న చెంబు పెట్టి పూలు గుచ్చాం. సాయంత్రం పక్కిళ్ళ పిల్లలు కూడా వచ్చారు. పాటలు అత్తమ్మ చెప్తుంటే పిల్లలు తప్పుతప్పుగా అందుకున్నారు. నానబెట్టిన శనగలు, అటుకులు బెల్లం పంచాం.

వంట సంగతి చెప్పాలి. మామూలుగా సెలవంటే పిల్లలకు ఏదో ఒక స్పెషల్ చేయాలని పొద్దంతా పొయ్యి దగ్గరే ఉంటాను. శనివారం మాత్రం పచ్చిపులుసు, కోడిగుడ్డు, అన్నం, అంతే. ఎవరూ అడగలేదు కూడా. ఆ మిగిలిన టైములో నేను వాళ్ళ దగ్గర కూర్చున్నాను. నిజం చెప్తే మన్ను పిసకడం నాకే ఎక్కువ నచ్చింది.

ఆదివారం పిల్లలమర్రి పోయాం, మహబూబ్‌నగర్ దగ్గరి పెద్ద మర్రిచెట్టు చూడటానికి. పొద్దున ఇద్దరికీ కుంకుడుకాయతో తలంటు, ఏడుపులు, అన్నీ అయ్యాయి. నా పాత నారాయణపేట గళ్ళ చీరతో పోయిన వారం కుట్టించిన లంగాలు వేసుకున్నారు. మహబూబ్‌నగర్ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. బస్సులో మహాలక్ష్మి పథకం కింద మా ఆడవాళ్ళందరికీ జీరో టికెట్, అంటే ఉచితం. మా ఆయన ఒక్కడే డబ్బులు తీశాడు. చిన్నది "నాన్నకెందుకు ఫ్రీ లేదు" అని బస్సంతా వినపడేలా అడిగింది. కండక్టరమ్మ నవ్వి, "మీ నాన్న జడ వేసుకుంటే ఇస్తాం" అన్నది.

చెట్టు గురించి ముందే చెప్పి తీసుకుపోయాను. ఏడు వందల ఏళ్ళదని అంటారు, మూడెకరాల పైనే పరుచుకుంది. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగి పడితే జనాన్ని రానివ్వడం ఆపేశారు. తరవాత చెదలు పట్టిందని కాండానికి రంధ్రాలు చేసి, మందు కలిపిన సెలైన్ సీసాలు వందల కొద్దీ వేలాడదీశారు. మా పిల్లలకు ఈ ముక్క తెగ నచ్చింది. పెద్దదానికి మొన్న జ్వరమొస్తే సెలైన్ ఎక్కించారు, అందుకని ఆ చెట్టు తనలాంటిదే అయిపోయింది. "చెట్టు ఏడ్చిందా సూదికి?" అని అడిగింది. మేం చిన్నప్పుడు ఊడలు పట్టుకుని ఊగేవాళ్ళం. ఇప్పుడు కంచె ఇవతలి నుంచే చూడాలి. ఊడలు నేలకు దిగడానికి గొట్టాలు కట్టారు, బరువైన కొమ్మల కింద దిమ్మెలు కట్టి ఆనించారు. అసలు మొదలు ఏదో కనిపెట్టమని పందెం వేశాం, ఎవరికీ దొరకలేదు.

తరవాత జింకలు. మ్యూజియంలో శిల్పాలు చూసి చిన్నది "వీళ్ళకు ముక్కులు ఎవరు కొరికారు" అన్నది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగే ఊళ్ళ నుంచి తెచ్చిన విగ్రహాలు అవి. బయటికొచ్చి మిరపకాయ బజ్జీలు తిన్నాం. ఇంటికొచ్చేసరికి చీకటి పడింది.

ఖర్చు ఎంతయిందో లెక్క చూస్తే పోయినసారి మాల్‌కు పోయినప్పటి పార్కింగు, పాప్‌కార్న్ కూడా దీనికన్నా ఎక్కువే. ఇద్దరూ ఒక్కసారి కూడా ఫోన్ అడగలేదు. మీరేం చేశారు?

గునుగుపువ్వు (నారాయణపేట)
ఆదివారం, రాత్రి 10:31

అక్కా, మా చీర లంగాలయిందా! ఫొటో పెట్టాల్సింది. పాత నూలు చీర పిల్లల ఒంటికి మెత్తగా ఉంటుంది, చెమట పీలుస్తుంది. అంచును మాత్రం పారేయొద్దు. లంగా పొట్టి అయినప్పుడు కింద అతికిస్తే ఇంకో ఏడాది వస్తుంది. కుట్టేటప్పుడే నడుము దగ్గర, అడుగున మడతలు వేయించుకుంటే ఇంకా మంచిది.

శనివారం డ్యూటీ (మిర్యాలగూడ)
ఆదివారం, రాత్రి 10:48

చదవడానికి బాగుంది. కానీ ఇలాంటివి చదివితే నాలాంటి వాళ్ళకు కొంచెం మంట కూడా వస్తుంది, చెప్పేస్తున్నా. మీకు మన్ను తెచ్చే అత్తమ్మ ఉంది, ఆదివారం ఇంట్లో ఉండే భర్త ఉన్నాడు. నేను నర్సును. నాకు రెండో శనివారం, నాలుగో శనివారం అన్న తేడా లేదు, రోస్టర్ ఎట్లా ఉంటే అట్లా. ఆదివారం నైట్ డ్యూటీ దిగి వచ్చి పడుకుంటే మా పాప పక్కన కూర్చుని నా కనురెప్పలు ఎత్తి చూస్తుంది, లేచానా అని. ఇక మట్టి ఎక్కడ, బస్సు ఎక్కడ?

ఇంకో సంగతి, నర్సుగా చెప్తున్నా. పిల్లలు మట్టిలో ఆడితే తప్పేం లేదు. ఆట అయ్యాక గోళ్ళు కత్తిరించి సబ్బుతో కడగండి, చేతులు నోట్లో పెట్టుకునే వయసైతే పక్కనే ఉండండి. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, ఆగస్టులో బడుల్లో, అంగన్‌వాడీల్లో నులిపురుగుల గోలీ ఇస్తారు, ఆల్బెండజోల్. ఏడాది నుంచి 19 ఏళ్ళ దాకా అందరికీ. రెండేళ్ళ లోపు వాళ్ళకు సగం గోలీయే. మొన్న ఆగస్టులో మీ చిన్నది ఆ రోజు అంగన్‌వాడీకి పోకపోయి ఉంటే అడిగి వేయించండి.

ఇద్దరు బిడ్డల తల్లి (జడ్చర్ల)
ఆదివారం, రాత్రి 11:02

అక్కా, మీరన్నది నిజమే, అత్తమ్మ లేకపోతే ఇందులో సగం జరిగేది కాదు. గోలీ ఇద్దరికీ వేశారు, పెద్దది చప్పరించి బాగుందని ఇంకోటి అడిగిందట. మీకు డ్యూటీ లేని పూట ఎప్పుడో చెప్పండి, ఎంతసేపు దొరికితే అంతసేపటికి ఏం చేయొచ్చో అందరం కలిసి ఆలోచిద్దాం.

అమ్మమ్మ ముచ్చట్లు (దేవరకొండ)
సోమవారం, ఉదయం 6:15

నేను తెల్లారే లేస్తాను కాబట్టి మీ అందరివీ ఇప్పుడే చదివాను. నర్సు బిడ్డా, నువ్వు పడుకున్నప్పుడు కనురెప్ప ఎత్తి చూసే పిల్ల ఉన్నందుకు సంతోషపడు, పదేళ్ళు పోతే తలుపు వేసుకుంటుంది.

బొడ్డెమ్మ గురించి రెండు మాటలు. పీట మీద చేసేది పీట బొడ్డెమ్మ. మా ఊళ్ళో గుంట బొడ్డెమ్మ కూడా ఉండేది, నేలలో గుంట తవ్వి దాని చుట్టూ ఆడేవాళ్ళం. మన్ను తేవడానికి చెరువు దాకా పోలేని వాళ్ళకు అదే సులువు. పెరడు ఉంటే చాలు. అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్ళు కుండీలో మన్ను తీసి చిన్న పీట మీద జానెడు ఎత్తున చేసుకోండి, అమ్మవారు ఎత్తు కొలవదు.

జడ్చర్ల బిడ్డా, నువ్వు రాయని సంగతి ఒకటుంది. అమావాస్య దాకా రోజూ సాయంత్రం ఆడాలి, పూలు మార్చాలి. ఆఖరి రోజు బొడ్డెమ్మను నిద్రపుచ్చే పాట పాడి బావిలోనో చెరువులోనో కలపాలి. అదే రోజు ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. మధ్యలో పిల్లలకు మోజు పోయి నువ్వొక్కదానివే పూలు పెట్టుకుంటూ కూర్చునేలా చేసుకోకు. గల్లీ పిల్లలకు వంతులు వెయ్యి, రోజుకో ఇంటి వాళ్ళు పూలు తేవాలని. మా అమ్మ అట్లాగే చేసేది. పూలు తెచ్చిన పిల్లకు ఆ రోజు పాట ఎత్తుకునే హక్కు. పూల కోసం కొట్టుకునేవాళ్ళం.

కృష్ణ ఒడ్డు (గద్వాల)
సోమవారం, ఉదయం 9:20

ఇక్కడ అమ్మలే మాట్లాడాలా, నాన్నలు కూడా రావచ్చా? మా ఇంట్లో సెలవుల డిపార్ట్‌మెంట్ నాది. ఆదివారం మా ఆవిడకు పూర్తి సెలవు, వంటతో సహా. బిడ్డలిద్దరినీ బండి మీద జూరాల తీసుకుపోయాను. పైనుంచి నీళ్ళు వస్తున్నాయి, గేట్లు ఎత్తారు. ఆ చప్పుడుకి చిన్నది నా చొక్కా వదల్లేదు. అక్కడ డ్యామ్ దగ్గర చేపలు వేయించి అమ్మే బండ్లు ఉంటాయి కదా, పొద్దుటి పూట పట్టిన చేప మసాలా పెట్టి కళ్ళముందే వేయిస్తారు. ముల్లు తీసి పెట్టడానికే నాకు గంట పట్టింది, నేను తిన్నది తోక.

నాలుగు గోడలు (వనపర్తి)
సోమవారం, ఉదయం 9:41

అన్నా, గేట్లు ఎత్తినప్పుడు పసిపిల్లలను బండి మీద తీసుకుపోవడం ఏం పని? కింద రాళ్ళ మీదికి దిగి సెల్ఫీలు దిగేవాళ్ళను చూస్తే నాకు కాళ్ళు వణుకుతాయి.

కృష్ణ ఒడ్డు (గద్వాల)
సోమవారం, ఉదయం 9:58

రాళ్ళ మీదికి దిగలేదమ్మా, రోడ్డు మీద నుంచే చూశాం. ఒకదాన్ని భుజాల మీద కూర్చోబెట్టుకున్నా, ఒకదాని చేయి పట్టుకున్నా. దిగేవాళ్ళను చూస్తే నాకూ కోపమే. నీళ్ళు ఒక్కసారిగా పెరుగుతాయని సైరన్ వేసినా కదలరు.

పానగల్ పంతులమ్మ (నల్లగొండ)
సోమవారం, మధ్యాహ్నం 1:10

ఇంటర్వెల్‌లో రాస్తున్నా. పాలమూరు వాళ్ళకు పిల్లలమర్రి ఉంటే మాకు పానగల్ ఉంది. నల్లగొండ బస్టాండ్ నుంచి ఆటోలో పోయేంత దూరం. మా పాప ఐదో తరగతి, దానికి ప్రతిదానికీ రుజువు కావాలి. అందుకని ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకుపోయాను. కందూరు చోళుల కాలం నాటి గుడి, మూడు గర్భగుళ్ళు ఒకే మండపంలోకి తెరుచుకుంటాయి. అందులో ఒకదాంట్లో శివలింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా ఒకేచోట నిలబడి ఉంటుంది. సూర్యుడు కదిలినా నీడ కదలదు.

మా పాప ముందు స్తంభాలన్నీ తిరిగి చూసింది. ఏ స్తంభానికి ఎదురుగా నీడ పడాలో ఆ లెక్కకు ఇది సరిపోవడం లేదు. అరగంట అటూ ఇటూ తిరిగి, "ఇది ఎండ నీడ కాదు, వెలుతురు నీడ" అన్నది. అదే అసలు సంగతి. అక్కడికి ఎండ నేరుగా పడదు. బయటి వెలుతురు రెండు పక్కల నుంచి మండపంలోకి చెదిరి వస్తుంది. వేరువేరు స్తంభాలు అడ్డుపడిన చోట్లన్నీ కలిసి ఒక్క స్తంభం నీడలా కనిపిస్తాయి. వెలుతురు వచ్చే దారులు కదలవు కాబట్టి నీడ కూడా కదలదు. ఇంటికొచ్చాక కిటికీ ఒక్కటి తెరిచి, స్టీలు గ్లాసు పెట్టి, గోడ మీద దాని నీడ చుట్టూ సుద్దముక్కతో గీత గీసింది. మబ్బు పట్టిన రోజు కావడం కలిసొచ్చింది, సాయంత్రం దాకా నీడ గీత దాటలేదు. ఎండ రోజు కూడా చూడాలట, నేరుగా ఎండపడే కిటికీ దగ్గర. అప్పుడు గీత దాటుతుందని నేను చెప్పలేదు, అదే కనిపెట్టనీ.

పచ్చల సోమేశ్వరాలయం కూడా అక్కడే, పక్కన మ్యూజియం ఉంది. గోడల మీద చెక్కిన కథలు చదవడానికి ఒక పూట కావాలి. మాకు ఆకలేసి సగంలో వచ్చేశాం. వచ్చేటప్పుడు ఉదయసముద్రం కట్ట మీద కూర్చుని పెరుగన్నం తిన్నాం.

రెండు జడలు (హాలియా)
సోమవారం, మధ్యాహ్నం 2:36

జీరో టికెట్ గురించి నా బాధ కూడా వినండి. 2023 డిసెంబర్ 9న మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఏదైనా సరే నాకు, బిడ్డకు జీరో. కొడుక్కు ఏడేళ్ళు, వాడికి హాఫ్ టికెట్. వాడు ఆ టికెట్ ముక్కను జేబులో పెట్టుకుని, "నాకు పైసలు పెట్టి కొన్నారు, నీకు ఊరికే ఇచ్చారు" అని చెల్లెను ఏడిపిస్తాడు. అది నాకూ పైసలు పెట్టి కొను అని ఏడుపు.

మేం సాగర్ పోయాం, మాకు దగ్గరే కదా. 2022లో తెరిచిన బుద్ధవనం పార్కులో పిల్లలు పరుగెత్తడానికి చోటు ఉంది, సాగర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. నాగార్జునకొండకు లాంచీలో పోవాలంటే నీళ్ళు, గాలి చూసి నడుపుతారు. మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది. ఎత్తిపోతల జలపాతానికి పోవాలంటే మాత్రం ఆంధ్ర వైపు దాటాలి, మన మహాలక్ష్మి టికెట్ హద్దు దాకానే. గేట్లు ఎత్తిన ఆదివారం పోతే బండ్ల వరుసలోనే పొద్దు గూకుతుంది. గేట్లు దించినాక వచ్చే ఆదివారం పోండి. 26 గేట్లు లెక్కపెట్టుకుంటూ తీరిగ్గా తిరగొచ్చు.

మొదటి బిడ్డ (కల్వకుర్తి)
సోమవారం, సాయంత్రం 4:05

మా పాపకు రెండేళ్ళు. మీరందరూ పెద్ద పిల్లల గురించి చెప్తున్నారు. రెండేళ్ళ దానితో బస్సులో పోతే వాంతులు, నిద్ర, డైపర్లు, నాకు ఇంట్లోనే టెన్షన్. ఇంట్లో ఏం చేయించాలి? సీతాఫలాలు వస్తున్నాయి కదా, పెట్టొచ్చా?

అమ్మమ్మ ముచ్చట్లు (దేవరకొండ)
సోమవారం, సాయంత్రం 4:50

రెండేళ్ళ పిల్లకు వేరే ఆట ఎందుకమ్మా? చిక్కుడుకాయలు ముందేసి ఒలవమను. సగం నేల మీద పడితే ఏరుకో. చిన్న గిన్నె, చెంచా, నీళ్ళు ఇస్తే పూట గడుస్తుంది. పల్లికాయలు మాత్రం ఇయ్యకు, గొంతుకు అడ్డం పడతాయి.

సీతాఫలం పెట్టు. పాలమూరు బాలానగర్ కాయ అంటే గుజ్జు ఎక్కువ, తీపి ఎక్కువ. కండ్ల మధ్య తెల్లగా విచ్చుకున్న కాయ తెచ్చుకుంటే పండుతుంది, పచ్చగా బిగుసుకుని ఉన్నది తెస్తే నల్లబడి ఎండిపోతుంది. గింజలన్నీ నువ్వే తీసి గుజ్జు పెట్టాలి.

శనివారం డ్యూటీ (మిర్యాలగూడ)
సోమవారం, సాయంత్రం 5:15

ఆ గింజల గురించే నేనూ చెప్పబోతున్నా. పేలు పోతాయని సీతాఫలం గింజలు నూరి ఆడపిల్లల తలకు పట్టిస్తారు కొందరు. దయచేసి వద్దు. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీద పొర దెబ్బతింటుంది, భరించలేని మంట. పొరపాటున పడితే ధారగా నీళ్ళతో కడుగుతూనే కంటి డాక్టర్ దగ్గరికి పోవాలి. పేలకు తడి జుట్టుకు నూనె రాసి, సన్న పళ్ళ దువ్వెనతో కొన్ని వారాలు ఓపికగా దువ్వడమే, తగ్గకపోతే డాక్టర్ రాసిన మందు. ఇంట్లో ఒక్కదానికి ఉంటే అందరి తలలూ చూడండి.

నాకు బుధవారం మధ్యాహ్నం నుంచి ఖాళీ. మన్ను తొక్కేంత ఓపిక లేదు. కూర్చునే ఆట ఏదైనా చెప్పండి.

ఇద్దరు బిడ్డల తల్లి (జడ్చర్ల)
సోమవారం, రాత్రి 8:30

అష్టాచమ్మా! మేం నిన్న రాత్రి పడుకునే ముందు ఆడింది అదే. నేల మీద సుద్దతో అయిదు అడ్డం, అయిదు నిలువు గళ్ళు గీసుకోండి. ప్రతి వైపూ మధ్య గడి ఒక్కొక్కరి ఇల్లు, నట్టనడుమ గడి పండే చోటు. నాలుగు గవ్వలు, లేదంటే ఒక పక్క అరగదీసిన చింతగింజలు. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. ఈ రెండూ పడితే మళ్ళీ వేయొచ్చు. అవతలి వాళ్ళ కాయను చంపినా మళ్ళీ వేయొచ్చు. మీరు మంచం మీద పడుకుని గవ్వలు వేయండి, కాయలు పాప జరుపుతుంది. మా చిన్నదానికి లెక్కలు రావు, కానీ ఎవరి కాయ చంపొచ్చో ఎట్లానో తెలుస్తుంది. వాళ్ళ నాన్నవి వెతికి వెతికి చంపింది.

అమ్మమ్మా, వంతుల సలహా ఇవాళే అమలు చేశాం. పూల వంతు మొదట ఎవరిది అనేదానికే గొడవ. చీటీలు వేశాం.

సూర్యాపేట సుద్దులు
సోమవారం, రాత్రి 9:12

మా పిల్లలమర్రిని ఎవరూ తలచుకోలేదు! మొన్న మా చుట్టాలు ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని మర్రిచెట్టు చూడాలని మా ఊరికి వచ్చారు. చెట్టేది అంటారు. అది పాలమూరులో ఉందిరా నాయనా, ఇది సూర్యాపేట పక్కన గుళ్ళున్న పిల్లలమర్రి అని చెప్పి, వచ్చారు కదా అని గుళ్ళు చూపించాను.

ఆడపిల్లలున్న తల్లులు ఇది వినాలి. ఎరకేశ్వరాలయాన్ని 1208లో కట్టించింది ఒక ఆడమనిషి, ఎరకసానమ్మ. కాకతీయుల కింద ఏలిన రేచెర్ల వంశపు బేతిరెడ్డి భార్య. నామేశ్వరాలయంలో స్తంభాలను తడితే మోగుతాయి. మా అన్న కూతుళ్ళు ఒకరు ఒక స్తంభం, ఒకరు ఒక స్తంభం పట్టుకుని తాళం వేయడం మొదలుపెట్టారు. రాయితో కొట్టొద్దని పూజారి గదిమాడు. వేలితో తడితే చాలు. మొదటి గుడి ఎవరు కట్టారని తరవాత అడిగితే పెద్దది "రాజు" అన్నది, చిన్నది "కాదు, ఎరుకమ్మ" అన్నది. పేరు సగమే గుర్తుంది, పోనీలే.

నిర్వాహకురాలు
సోమవారం, రాత్రి 9:40

ఫొటోలు పెట్టాలనుకునే వాళ్ళకు ఒక మాట: పిల్లల ముఖాలు, బడి పేరు, ఇంటి గుర్తులు కనపడకుండా చూసుకోండి. బొడ్డెమ్మ ఫొటోలు ఎన్నయినా పెట్టండి.

పానగల్ పంతులమ్మ (నల్లగొండ)
మంగళవారం, ఉదయం 7:30

ఎండ రోజు గ్లాసు ప్రయోగం నిన్న బడి నుంచి వచ్చాక అయింది. నీడ గీత దాటి పోయింది. మా పాప గంటకో గీత గీసి, చీకటి పడేదాకా గోడ పాడు చేసింది. ఇంటి ఓనరమ్మ చూస్తే ఏమంటుందో. సూర్యాపేట అన్నా, ఎరకసానమ్మ గుడికి నల్లగొండ నుంచి రావాలంటే సూర్యాపేటలో దిగి ఆటో ఎక్కాలా? దసరా సెలవుల్లో వద్దామనుకుంటున్నాం.

సూర్యాపేట సుద్దులు
మంగళవారం, ఉదయం 8:05

అవునమ్మా, సూర్యాపేట బస్టాండ్‌లో దిగి ఆటో మాట్లాడుకోండి, దగ్గరే. ఎక్కేముందు "గుళ్ళ పిల్లలమర్రి" అని చెప్పండి. పొద్దున పూట వస్తే పూజారి ఉంటాడు, తలుపులు తీసి ఉంటాయి.

శనివారం డ్యూటీ (మిర్యాలగూడ)
బుధవారం, రాత్రి 9:25

అష్టాచమ్మా ఆడాం. గవ్వలు దొరకలేదు, చింతగింజలు గచ్చు మీద అరగదీసేసరికే సగం పొద్దు పోయింది, ఆ అరగదీయడమే పాపకు ఆటయింది. రెండు ఆటలూ అదే గెలిచింది. రెండో ఆటలో నేను నిద్రపోతే నా వంతు కూడా అదే వేసుకుందని మా ఆయన చెప్పాడు.